తప్పుల పుస్తకంలో కెంజాయ

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు వెతుకులాటలు ఒకేసారి నడుస్తున్నాయి. తాతయ్య కళ్ళజోడు వెతుకుతున్నాడు. నాన్నమ్మ తాతయ్య తెల్లచొక్కా వెతుకుతోంది. నాన్న నాన్నమ్మ తిట్లకి అందని మూల వెతుకుతున్నాడు.

"కళ్ళజోడు నెత్తిమీదే ఉంది మావయ్యగారూ!" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"నాకు తెలుసులేమ్మా. అది పెట్టుకుని వెతకాల్సిన కాగితం వెతుకుతున్నా," అన్నాడు తాతయ్య, నెత్తి తడుముకుంటూ.

ఆ సాయంత్రం అయిదింటికి అద్దకం పనివాళ్ళ సంఘం ఆయనకి సన్మానం చేస్తోంది. యాభై ఏళ్ళుగా నూలుకి రంగులు వేస్తున్నాడు. పెరటివైపు ఆవిర్లు కక్కే షెడ్డు ఆయనదే. అందరూ పెద్ద మేస్త్రి అంటారు. ఆయన కొడుకు చిన్న మేస్త్రి. సన్మానానికి కారణం మాత్రం యాభై ఏళ్ళ పని కాదు. ఈ యాభై ఏళ్ళలో తప్పుల పుస్తకంలో ఆయన పేరు ఒక్కసారి కూడా ఎక్కలేదు. అదీ సంగతి.

తప్పుల పుస్తకం ఆ షెడ్డు ఆచారం. తొట్టిలో అనుకున్న రంగు రాకపోతే ఆ రోజే అందులో రాయాలి. ఎంత నూలు, ఎవరి తప్పు, కారణమేమిటి. అన్నిటికన్నా ముందు, పాడైన ఆ రంగుకి ఓ పేరు పెట్టాలి. పేరు పెట్టని తప్పు మళ్ళీ తిరిగొస్తుందని తాతయ్య నమ్మకం. పేర్లు ఆయనే చెప్పేవాడు. చిన్న మేస్త్రి రాసేవాడు.

ఆ పుస్తకాన్ని సభలో బల్లమీద ఉంచాలని సంఘం అధ్యక్షుడు కబురు పెట్టాడు. దుమ్ము దులిపే పని మనవరాలికి పడింది.

మనవరాలి పేరు కెంజాయ. ఇరవై నాలుగేళ్ళు. రికార్డుల ఆఫీసులో గుమాస్తా. జనాల జనన పత్రాలు, పెళ్ళి పత్రాలు, పేరు మార్పు దరఖాస్తులు, అన్నీ ఆమె కిటికీలోంచే వెళ్ళాలి. ఇవాళ సెలవు పెట్టింది. సభలో తాతయ్య గురించి రెండు పేజీలు చదవాల్సింది కూడా ఆమే.

హాల్లో కింద కూర్చుని ఒక్కో పేజీ తుడుస్తూ, చదువుకుంటూ నవ్వుకుంటోంది. 'జలుబు పసుపు.' 'అలిగిన నీలం.' 'ఏడుపుగొట్టు ఆకుపచ్చ.' తాతయ్యకి కోపమొస్తే రంగులు కూడా తిట్లు తినాల్సిందే.

పేజీ తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

పై వరసలో తేదీ ఆమె పుట్టినరోజు. సంవత్సరం కూడా అదే.

రంగు: కెంజాయ. నూలు: నలభై కిలోలు. ఎవరి తప్పు: చిన్న మేస్త్రి. కారణం: ఏమరుపాటు. సరుకు: పనికిరాదు.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. మూడుసార్లూ అదే ఉంది.

"నాన్నా!"

ఆ గొంతు విని నాన్న మూల వదిలి బయటికొచ్చాడు. చేతిలో టీ గ్లాసు. పుస్తకంలో ఆ పేజీ చూడగానే గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది.

"ఏంటిది?"

"పాత పుస్తకం."

"పుస్తకమని నాకూ కనపడుతోంది. ఈ వరస ఏంటి? నా పేరు ఇందులో ఎందుకుంది?"

నాన్నమ్మ చొక్కా దొరికిన సంబరంలో వచ్చి, సంగతి గ్రహించి, ఇరవై నాలుగేళ్ళుగా చెప్తున్న కథ అందుకుంది. "ఆ రోజు ఆకాశం చూడాలి తల్లీ! నువ్వు పుట్టిన క్షణాన తూర్పంతా ఎర్రటి వెలుగు..."

"పోయినేడు పడమర అన్నావు."

"రెండు పక్కలా. పెద్ద ఆకాశం."

"నాన్నమ్మా, నా జనన పత్రంలో టైము పన్నెండు నలభై. మిట్టమధ్యాహ్నం. అప్పుడు ఎర్రటి ఆకాశం ఏ దేశంలో ఉంటుంది?"

నాన్నమ్మ సాయం కోసం నాన్న వైపు చూసింది. నాన్న టీ గ్లాసు వైపు చూశాడు.

"ఆ రోజు... కాస్త మబ్బుగా కూడా ఉంది," అంది నాన్నమ్మ, ఓడిపోతూ.

కెంజాయకి తనమీద తనకే ఒళ్ళు మండింది. రోజుకి ఇరవై జనన పత్రాలు తిరగేసే మనిషి. తన పత్రంలో టైముని ఆకాశంతో పోల్చి చూడాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. స్కూల్లో, స్నేహితుల దగ్గర, చివరికి ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఆ ఆకాశం గురించి గర్వంగా చెప్పింది.

అప్పుడే గుమ్మంలో తాతయ్య కనిపించాడు, చొక్కా సగం తొడుక్కుని.

"తాతయ్యా, నువ్వు చెప్పు. మనవడొస్తే రంగు పోసే గరిటె వాడి చేతికే ఇస్తానని ఊరంతా చెప్పుకున్నావట. నేను పుట్టాను. అదే రోజు తొట్టి పాడైంది. రెండిటికీ కలిపి ఒక పేరు పెట్టేశారు. పనికిరాని సరుకని. అంతేనా?"

"కాదు!" అన్నాడు తాతయ్య. గొంతు గట్టిగానే వచ్చింది.

"మరి?"

ఆయన నోరు తెరిచాడు. బల్లమీద ఆహ్వానపత్రం ఉంది. దానిమీద పెద్ద అక్షరాల్లో 'ఒక్క తప్పూ లేని యాభై ఏళ్ళు'. దాన్ని చూశాడు. నోరు మూసుకున్నాడు.

"షెడ్డులో ఆవిరి తగ్గిందేమో చూసొస్తా," అంటూ వెళ్ళిపోయాడు. వేడి నీళ్ళకి భయపడని మనిషి మనవరాలి కళ్ళకి భయపడి వెళ్ళడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కెంజాయ చెప్పులేసుకుని బయటికి పోలేదు. ఏడవలేదు. బ్యాగులోంచి ఓ కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఫారం పదకొండు.

"ఏంటది?" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"పేరు మార్పు దరఖాస్తు. పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్ళు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. నాన్న ఒకటి, నాన్నమ్మ ఒకటి. రేపు పొద్దున ఆఫీసు తెరవగానే నా దరఖాస్తు నేనే తీసుకుంటా. నేనే ముద్ర వేస్తా. అప్పటిదాకా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పలకను."

"మరి ఏమని పిలవాలే?"

"ఏదో ఒకటి."

అమ్మ ఓ క్షణం ఆలోచించింది. "సరే. ఏదో ఒకటీ, టీ చల్లారిపోతోంది, తాగు."

ఇంకో రోజైతే కెంజాయ పడీపడీ నవ్వేది. ఇవాళ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పాత పేరు గడి నింపింది. కొత్త పేరు గడి ఖాళీగా వదిలేసింది. రోజూ ఆ గడి నింపడానికి తటపటాయించే జనాన్ని చూసి 'త్వరగా తేల్చండి' అని విసుక్కునేది తనే. ఇప్పుడు పెన్ను కదలడం లేదు. సర్లే అని నాలుగో గడికి వెళ్ళింది. జనన పత్రం నంబరు. బీరువాలోంచి పత్రం తీసి నంబరు ఎక్కించింది. దాని కింది వరసమీద కన్ను పడింది.

సమాచారం ఇచ్చినవారు: తండ్రి. ఉదయం తొమ్మిది నుంచి ఆసుపత్రిలో హాజరు. పక్కనే నాన్న సంతకం.

పెన్ను ఆగింది.

గుమాస్తా బుర్ర చకచకా పనిచేసింది. రెండు కాగితాలు. ఒకే తేదీ. ఒక మనిషి ఒకే రోజు రెండు చోట్ల. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం. ఆసుపత్రి కాగితానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

వరండాలో నాన్న తాతయ్య బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. ఎదురుగా వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నా, నేను పుట్టిన రోజు పొద్దున తొమ్మిదింటికి ఎక్కడున్నావు?"

"ఆసుపత్రిలో. ఎందుకు?"

"మధ్యాహ్నం?"

"ఆసుపత్రిలోనే. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని పిసికిన పిసుకుడికి రెండు వేళ్ళు వాచాయి."

"సాయంత్రం?"

"అక్కడే. నిన్ను ఎత్తుకుని కూర్చున్నా. దించమంటే దించలేదని నర్సు తిట్టింది."

"మరి పదిహేను వీధుల అవతల ఉన్న తొట్టిని ఎప్పుడు పాడుచేశావు?"

బ్రష్షు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఆ బూటుకి ఇది మూడో పాలిష్. జవాబు చెప్పు."

"మీ ఆఫీసులో పోలీసు ఉద్యోగం ఏమైనా ఖాళీ ఉందేమో కనుక్కో. నువ్వు అక్కడ ఉండాల్సిన మనిషివి."

"చెప్పేయండి," అంది అమ్మ గుమ్మంలోంచి. "ఇరవై నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్నాను. నాకైతే ఇంక అరిగేలా లేదు."

నాన్న బూటు కింద పెట్టాడు. కానీ చెప్పింది ఆయన కాదు. అమ్మ వెనకాల నిలబడ్డ నాన్నమ్మ.

"తొట్టి దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. ఒకరు గరిటెతో రంగు పోస్తూ 'ఒకటి' అని అరవాలి. ఎదురుగా ఉన్నవాళ్ళు 'ఒకటి' అని తిరిగి అరవాలి. లెక్క తప్పకుండా ఉండడానికి. ఆ రోజు మీ నాన్న లేడు కదా, ఎదురుగా నేను నిలబడ్డా. ఇటుక రంగు వేస్తున్నాం. నాలుగు గరిటెలు పడ్డాయి. గోడమీద ఫోను మోగింది. నేను వెళ్ళి ఎత్తాను. మీ నాన్న. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అన్నాడు. నేను అక్కణ్ణించే అరిచాను."

"తాతయ్య ఏమన్నాడు?"

"'ఆడపిల్ల' అన్నాడు. ఓ గరిటె పోశాడు. 'ఆడపిల్లే!' అన్నాడు. ఇంకోటి పోశాడు. ఏ డబ్బాలోంచి తీస్తున్నాడో, ఎన్ని పోస్తున్నాడో, దేవుడికే తెలియాలి. గోధుమ రంగు పోయాల్సిన చోట పసుపు పోశాడని నా అనుమానం. లెక్క పెట్టాల్సింది నేను. నేనేమో ఫోను పట్టుకుని ఏడుస్తున్నా. నూలు పైకి తీస్తే ఇటుక రంగు లేదు, గిటుక రంగు లేదు. ఎప్పుడూ చూడని ఎరుపు. మెరుస్తోంది."

"అయితే తప్పు నాన్నది కాదు."

"పెద్ద మేస్త్రిది," అన్నాడు నాన్న. "ఆ వారమే ఓ పెద్ద మిల్లువాళ్ళు పని ఇచ్చేముందు పుస్తకం చూస్తామన్నారు. ఆయన పేరు లేని పుస్తకమే మా షెడ్డుకి పరువు. పన్నెండుమంది పనివాళ్ళు ఆ పరువుమీద బతుకుతున్నారు. నా పేరు అప్పటికే పదకొండుసార్లు ఉంది. పన్నెండోది ఎవరు పట్టించుకుంటారు? రాత్రి ఇంటికొచ్చి నేనే రాసుకున్నా. ఆయన వద్దనలేదు. అంతే."

"నాకు ఆ పేరు పెట్టింది?"

నాన్న మొహంలో చిన్నపిల్లాడి నవ్వొకటి తొంగిచూసింది. "నేనే. నింద నేను మోశాను కదా, ఆయన కూడా ఏదో ఒకటి మోయాలిగా. ఆ తప్పుని రోజుకి పదిసార్లు నోరారా పిలవాలని పెట్టాను. మొదటి నెలంతా 'పాపాయ్, బుజ్జాయ్' అంటూ తప్పించుకు తిరిగాడు. తర్వాత ఆ పేరు అందరికన్నా ఎక్కువ పిలిచింది ఆయనే."

కెంజాయ నవ్వలేదు. "కానీ పనికిరాదు అని..."

"అది ప్రతి వరసలోనూ ఉండే మాటే. నువ్వు చూడాల్సింది అది కాదు. రంగుకి ఆ పేరు చెప్పింది ఆయన. పుస్తకం మొత్తం చదివావుగా, మిగతావాటి పేర్లేంటి?"

జలుబు పసుపు. అలిగిన నీలం. ఏడుపుగొట్టు ఆకుపచ్చ. ఎలక బూడిద. దొంగ నలుపు. యాభై ఏళ్ళ తిట్లు. వాటి మధ్య ఒక్కటంటే ఒక్కటే ఎర్రటి కాంతి. ఆ పెద్దాయన జీవితంలో ఒక్క తప్పుకే ముద్దొచ్చే పేరు పెట్టాడు.

కెంజాయ ఓ క్షణం మెత్తబడి, మళ్ళీ గుమాస్తా అయిపోయింది.

"మరి పొద్దున మొహంమీదే అడిగితే ఎందుకు చెప్పలేదు?"

జవాబు అందరికీ తెలుసు. అది బల్లమీద, పెద్ద అక్షరాల్లో ఉంది.

"అంటే నా బాధకన్నా ఆయనకి ఆ సన్మానం ఎక్కువ," అంది మెల్లగా. "నేను ఆ కాగితం చదవను నాన్నా. అబద్ధమని తెలిసి ఎలా చదవను?"

"చదువు తల్లీ. ఇన్నేళ్ళు మోశాను, ఇంకో సాయంత్రం మోయలేనా? ఆయనకి ఇప్పుడు డెబ్భై నాలుగు. అందరి ముందు దింపేయకు."

ఆమె పాలిష్ డబ్బాకి మూత పెట్టింది.

"చదువుతా. సభ అవగానే మీరిద్దరూ ఫారంమీద సంతకాలు పెడతారు. ఒప్పుకుంటారా?"

నాన్న, నాన్నమ్మ మొహాలు చూసుకున్నారు. వేరే దారి లేదు. తలలూపారు.

అయిదింటికి సంఘం హాలు నిండిపోయింది. ఊళ్ళో అద్దకం పనివాళ్ళంతా తెల్లబట్టలు తొడుక్కుని వచ్చారు. గోళ్ళు మాత్రం ఎవరి రంగు వాళ్ళవి. ఎన్ని సబ్బులు అరగదీసినా అవి పోవు. వేదికమీద తాతయ్య మధ్య కుర్చీలో, ఇబ్బందిగా, కొత్త బూట్లు కరుస్తున్నవాడిలా కూర్చున్నాడు. ముందు బల్లమీద తప్పుల పుస్తకం. పక్కన గుడ్డ కప్పిన ఇత్తడి ఫలకం.

అధ్యక్షుడు ఇరవై నిమిషాలు పొగిడి, "ఇప్పుడు వారి మనవరాలు మాట్లాడతారు," అన్నాడు.

కెంజాయ మైకు ముందు నిలబడింది. కాగితం విప్పింది. వారం క్రితం తన చేత్తో మురిసిపోతూ రాసుకున్న వాక్యాలు.

"అందరికీ నమస్కారం. యాభై ఏళ్ళలో మా తాతయ్య చెయ్యి..."

తర్వాతి మాట కనిపిస్తోంది. నోట్లోంచి రావడం లేదు. హాలు ఎదురుచూసింది. మొదటి వరసలో నాన్న కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది.

"మా తాతయ్య చెయ్యి ఒక్క..."

"ఆగమ్మా!"

వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ ముక్క నువ్వు చదవకు. నీచేత ఆ అబద్ధం కూడా చెప్పించానంటే నేను మనిషినే కాదు."

అధ్యక్షుడు ఆయన్ని కూర్చోబెట్టబోయాడు. ఆయన చెయ్యి విదిలించి మైకు దగ్గరికొచ్చాడు.

"నా పేరు ఈ పుస్తకంలో లేదు. నిజమే. ఉండాల్సింది. ఇరవై నాలుగేళ్ళ క్రితం నలభై కిలోల నూలు పాడుచేశాను. నా కొడుకు ఆ తప్పు తన పేరున రాసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు వాడు షెడ్డులోనే లేడు. ఆసుపత్రిలో నా మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు."

ఎవరో వెనకనుంచి, "ఎలా పాడైంది పెద్ద మేస్త్రీ?" అని అరిచారు. పనివాళ్ళకి తప్పుకన్నా తప్పు ఎలా జరిగిందన్నదే ముఖ్యం.

"ఎలాగేంట్రా! మనవడు కావాలని అన్నాను. అనలేదని చెప్పను. ఫోను మోగేదాకా అన్నాను. ఆడపిల్ల అన్నారు. అంతే, నా చేతిలో గరిటె ఉందన్న సంగతే మర్చిపోయాను. ఏం పోశానో ఇప్పటికీ తెలీదు. పనికిరాదని రాయించింది నూలు గురించి. ఆ నూలు కూడా ఒక్క చిలప అమ్మలేదు. గిరాకీ లేక కాదు, నలుగురొచ్చి అడిగారు. ఇవ్వబుద్ధి కాలేదు. దుప్పట్లు నేయించాను. ఈ పిల్ల వాటిలోనే పెరిగింది."

ఆయన పుస్తకం తెరిచి, 'చిన్న మేస్త్రి' కొట్టేసి తన పేరు రాశాడు. 'ఏమరుపాటు' కొట్టేశాడు. రాసింది పైకి చదివాడు.

"కారణం: మనవరాలు పుట్టింది."

వెనక వరసల్లో మొదలైన చప్పట్లు ముందుకి దొర్లుకుంటూ వచ్చాయి. రంగురంగుల గోళ్ళు గాల్లో మెరిశాయి. నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

అధ్యక్షుడు ఫలకం వైపు దిగులుగా చూశాడు. "ఇప్పుడు దీన్నేం చేయమంటారు? ఒక్క తప్పూ లేని అని చెక్కించేశాం!"

"నా కొడుక్కివ్వండి," అన్నాడు తాతయ్య. "వాడి లెక్కలోంచి ఒకటి తగ్గింది కదా."

"ఇంకా పదకొండున్నాయి నాన్నా!" అన్నాడు నాన్న, ముక్కు తుడుచుకుంటూ. హాలంతా ఘొల్లుమంది.

కెంజాయ ఇంకా మైకు పక్కనే ఉంది. తాతయ్య ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. పాపం, మైకు ముందు ఎంత తగ్గించినా అందరికీ వినపడింది.

"పొద్దునే చెప్పాల్సింది. పిరికితనం. సంతకం నన్ను పెట్టమంటే నేనూ పెడతా, పుట్టకముందునుంచీ ఎరుగుదును నిన్ను. కానీ ఈ ఒక్కసారి పిలవనీ. కెంజాయా..."

"ఏంటి తాతయ్యా," అంది. అనేశాక గానీ తను పలికినట్టు ఆమెకే తెలియలేదు. ఆ వెంటనే ఆయన భుజంమీద తల పెట్టి, పొద్దుటినుంచీ ఆపుకున్నదంతా ఏడ్చేసింది. తెల్లచొక్కా తడిసిపోతోందని నాన్నమ్మ మొదటి వరసలో కూర్చుని కంగారు పడింది.

ఇంటికి నడిచే వెళ్ళారు. ముందు అమ్మ, నాన్నమ్మ. వాళ్ళ వెనక ఫలకం మోస్తూ నాన్న. చివర్లో ఈ ఇద్దరు. కెంజాయ ఫారం పదకొండు వెనక్కి తిప్పి, బ్యాగుమీద పెట్టుకుని, నడుస్తూనే రాస్తోంది.

"ఎరుపు నాలుగు గరిటెలు. అది ఖాయం. తర్వాత?"

"పసుపు, మూడో నాలుగో. మీ నాన్నమ్మ అనుమానం నిజమేనేమో."

"ఇంకా?"

"ఏదో నల్లటి డబ్బా. కొంచెం. ఎందుకు ఇవన్నీ?"

"ఆదివారం సెలవు. మళ్ళీ ఆ రంగు వేద్దాం. గరిటె నాకిస్తావా? ఎదురుగా నిలబడి నువ్వు లెక్కపెట్టు."

ముందు నడుస్తున్న నాన్న ఆగి వెనక్కి తిరిగాడు. "నలభై కిలోలా?"

"నాలుగు చాలు నాన్నా."

తాతయ్య కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, యాభై ఏళ్ళ అనుభవంతో పైనుంచి కిందిదాకా చదివాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కలిపితే రాదమ్మా అది. గరిటె చేతిలో ఉండగా ఎవరో ఒకరు ఆడపిల్ల పుట్టిందని అరవాలి."